చదివి వినిపించందే వేలు వేయం

దగ్గరికి జరగండి. చాప చిన్నదే, కానీ మోకాలు ముడుచుకుంటే ఇంకొకరికి చోటు ఉంటుంది. చేతిలో పని ఉంటే ఉండనివ్వండి, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూడా వినొచ్చు. చెవి మాత్రం ఇటు పెట్టండి. నేను చదివింది మూడో తరగతి. అక్షరాలు కూడబలుక్కుని చదువుతాను, అదీ మెల్లగా. విన్నది మాత్రం మరచిపోను. నా పెళ్లినాడు ఎవరు ఏ వరుసలో కూర్చుని తిన్నారో ఇప్పటికీ చెప్పగలను.

మా గూడెం పినపాక నుంచి ఇంకా లోపలికి, అడవి అంచున ఉంటుంది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో మా మామ ఒక కాగితం మీద వేలు వేశాడు. బోరు వేయిస్తామని ఎవరో ఇద్దరు మనుషులు తెచ్చిన కాగితం అది. సిరా ఆరకముందే వాళ్లు జీపు ఎక్కారు. బోరు రాలేదు. మరుసటి వానాకాలం అడవి కొట్టి చేసుకున్న మా పోడు చేలో జామాయిల్ మొక్కలు నాటడానికి కూలీలు వచ్చారు. ఇదేమిటని అడిగితే ఆ కాగితమే చూపించారు. నా ఇష్టంతోనే ఈ నేల వదులుకుంటున్నానని మా మామ రాసిచ్చినట్టు ఉందట అందులో. వేలు మామదే, కాదనడానికి లేదు. ఆయన పోయేదాకా ఆ బొటనవేలిని పంచె కొసతో తుడుచుకుంటూనే ఉన్నాడు.

ఆ తర్వాత మా గూడెంలో ఒక కట్టుబాటు పడింది. ఎవరు కాగితం తెచ్చినా ముందు పైకి చదివి వినిపించాలి. విన్నాక మాలో ఒకరు దాన్ని మొదటి నుంచి చివరిదాకా తమ మాటల్లో తిరగ చెప్పాలి. తెచ్చినవాడు అవునని ఒప్పుకోవాలి. అప్పుడే వేలు. తిరగ చెప్పేటప్పుడు ఎక్కడ మాట తట్టుకుంటే అక్కడే ఏదో ఉందని లెక్క. సగం ఇళ్లలో కోయ మాట్లాడతారు కాబట్టి ఆ మాటలోనూ ఒకసారి చెప్పుకునేవాళ్లు. తెలుగులో తిరగ చెప్పే పని మాత్రం నా మీదే పడింది, నా చెవి అటువంటిది కనుక. ఓటర్ల లిస్టు తెచ్చినాయన, గ్యాసు పొయ్యిల మనిషి, ఆఖరికి పశువుల డాక్టరు కూడా మా అరుగు మీద కూర్చుని చదివారు. కొందరు విసుక్కునేవారు. విసుక్కున్నవాళ్ల కాగితం మేం రెండుసార్లు చదివించేవాళ్లం.

ఇక అసలు సంగతి. రెండు వేలు దాటి ఎనిమిదో తొమ్మిదో ఏడాది అది. మా బడి పక్కనున్న ఖాళీ గదికి సున్నం వేశారు. పిల్లలకు నెట్ వస్తుందని చాటింపు వేశారు. అంతకుముందు ఏడాదే మలేరియాకని దోమతెరలు పంచారు, వాటినీ నెట్లే అన్నారు, అందుకని మా అత్త చిరిగిన పాత తెర చంకన పెట్టుకుని, మార్చి కొత్తది ఇస్తారని వెళ్లి ఆ గది ముందు కూర్చుంది. లోపల ఉన్నది రెండు కంప్యూటర్లు, ఒక ఫ్యాను. వాటికి కాపలాగా ఒక పడుచు. మండలంలో పాస్టరు గారి కోడలు, పుట్టిల్లు మధిర వైపు. మేం కంప్యూటరమ్మ అనేవాళ్లం. మాట మెత్తన. ఆ మెత్తదనమే నాకు పడలేదు. బస్సు దిగి రెండు మైళ్లు నడిచి, మా పిల్లలకు ఊరికే చదువు చెప్పడానికి ఎవరైనా వస్తారా? తనకు జీతం ఇస్తారని చెప్పింది. ఎవరిస్తారు, మా పిల్లలు నేర్చుకుంటే వాళ్లకేం లాభం అని అడిగితే నవ్వింది. నవ్వు జవాబు కాదు.

అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టింది గది కప్పు మీద పెట్టిన వస్తువు. ఇనుప గొట్టానికి బిగించిన చేటంత పలక. దాని ముఖం సూటిగా మా కొత్త పోడు వైపు ఉంది. చేల అవతల గుట్ట మీద టవరు ఉందని, ఇది దాన్ని చూస్తుందని కంప్యూటరమ్మ చెప్పింది. చూస్తుందనే మాట తన నోటి నుంచే వచ్చింది. ఆ ఏడాదే పోడు పట్టాల కోసం కొలతలు నడుస్తున్నాయి. ఎవరు ఎంత అడవి కొట్టుకున్నారో పైనుంచి చూసే యంత్రాలు వచ్చాయని సంతలో అనుకున్నారు. మా మరిది రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదన్నాడు.

"వదినా, అది మనల్ని చూసుడు కాదు, మన చేను చూస్తది," అన్నాడు.

ఒక మధ్యాహ్నం కంప్యూటరమ్మ సద్ది తినడానికి టీచర్ల గదిలోకి పోయినప్పుడు మేమిద్దరం నిచ్చెన తెచ్చాం. నేను పట్టుకున్నాను, వాడు ఎక్కాడు. ట్రాక్టరు పానాతో నట్టు వదులు చేసి దాని ముఖం బడి మరుగుదొడ్ల వైపు తిప్పి బిగించాడు. చూడాలనుకుంటే వాటినే చూసుకోనీ అని నవ్వుకున్నాం. అది మొదలు నెట్ రాలేదు. కంప్యూటరమ్మకు జీతమిచ్చే పైవాళ్ల మనిషి ఒకసారి వచ్చి సరిచేసి వెళ్లాడు. ఆ మర్నాడే మళ్లీ తిప్పాం. కంప్యూటరమ్మ తెరిచిన గదిలో ఉత్త కంప్యూటర్ల మీద పిల్లలకు టైపు నేర్పుతూ కూర్చునేది.

ఆ ఎండాకాలమే నా బిడ్డ పదో తరగతి పాసై పాలిటెక్నిక్ పరీక్ష రాసింది. ర్యాంకు వచ్చింది. భద్రాచలం తీసుకెళ్లి సర్టిఫికెట్లు చూపించుకొచ్చాం. ఇక ఏ కాలేజీ కావాలో నెట్‌లో వరుసగా పెట్టుకోవాలట, వాటిని ఆప్షన్లు అంటారట. మొదట పెట్టింది మొదట చూస్తారు. నా బిడ్డకు కావలసింది ఒకటే. మన జిల్లాలోనే ఉన్న సర్కారు పాలిటెక్నిక్, ఆడపిల్లలకు హాస్టలు ఉన్నది. అది వస్తే చదువు. రాకపోతే నాతోపాటు మిర్చి కోత. మధ్యలో ఇంకో దారి లేదు. ముందు ఏడాది పక్క ఊరి పిల్లలిద్దరు ఎక్కడో పట్నం అవతల ప్రైవేటు కాలేజీలో పడ్డారు. ఉండటానికి చోటు లేక, బస్సులు తెలియక, దసరాకే తిరిగొచ్చి చేలోకి దిగారు. మా ఇంటాయన అప్పుడు అశ్వారావుపేట పామాయిల్ తోటల్లో పనికి ఉన్నాడు. బిడ్డ సీటు సంగతి నువ్వే చూసుకో అని కబురు పంపాడు.

భద్రాచలంలో లైనులో ఒకాయన పరిచయమయ్యాడు. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. ఏ కాగితం ఏ కిటికీ దగ్గర ఇవ్వాలో అడక్కుండానే చెప్పాడు. ఎండకు తూలుతున్న ముసలాయనకు నీళ్లు తెచ్చిచ్చాడు. ఏదో కాలేజీ తరఫున పేద పిల్లలకు సాయం చేస్తుంటానన్నాడు. తర్వాత వారానికి మా గూడేనికే బండి మీద వచ్చాడు. అరుగు మీద కాదు, నేల మీదే కూర్చున్నాడు. మా అత్త కాళ్లకు దండం పెట్టాడు. ఆప్షన్ల సంగతి నేను చూసుకుంటా, మీరు నిమ్మళంగా ఉండండి, మీ సర్కారు కాలేజీయే మొదట పెడతా అన్నాడు. నేను చల్ల ఇచ్చాను, రెండో గ్లాసు కూడా పోశాను. నన్ను అక్కా అన్నాడు, నా బిడ్డను చెల్లే అన్నాడు. మా మరిదికి అది తట్టింది.

"నువ్వు అక్కవైతే నీ బిడ్డ వానికి కోడలు కావాలె గదా. చెల్లె ఎట్లయితది? వరస తెల్వనోడు," అన్నాడు ఆ మనిషి వెళ్లిపోయాక.

పట్నం మనిషికి వరసలేం తెలుస్తాయిలే అని నేనే సర్ది చెప్పాను. కాగితం ఏదీ తేలేదు కాబట్టి చదివి వినిపించమని అడగాలని నాకు తోచలేదు.

గడువు ఇంకా రెండు రోజులుందనగా కంప్యూటరమ్మ మా ఇంటికి వచ్చింది. నా బిడ్డ ర్యాంకు సంగతి, ఆప్షన్లు ఎవరో పెడుతున్న సంగతి బడిలో విన్నదట.

"ఆప్షన్లు వేరేవాళ్ల చేతుల్లో ఎందుకు పెట్టారండి? రేపు పొద్దున తీసుకురండి, ఒకసారి తనే చూసుకుంటుంది. ఇక్కడ నెట్ రాకపోతే బస్సులో మండలానికి తీసుకెళ్తాను," అంది.

నాకు అనుమానం మొదలైంది. సాయం చేస్తానన్న మనిషి ఉండగా ఈమెకు ఇంత పట్టింపు ఎందుకు? ఈమె వెనక ఏ కాలేజీ ఉందో అనుకున్నాను. బిడ్డ మాత్రం చూస్తానని పట్టుపట్టింది. మర్నాడు ముసురులో ముగ్గురం వెళ్లాం, నేను, బిడ్డ, మరిది. మరిదిని కావాలనే తీసుకెళ్లాను. కొత్త కాగితం దగ్గరికి ఒంటరిగా పోకూడదు.

కంప్యూటరమ్మ మీటలు నొక్కింది. ఏమీ రాలేదు. మళ్లీ నొక్కింది. తెల్లటి పేజీ, అంతే. ఇలా మూడు వారాల నుంచి ఉందని, ఇక్కడ సిగ్నలు లేదని రాసి పంపానని, నెలాఖరుకు పెట్టెలు తీసుకుపోతారని చెప్పింది. మండలానికి పోదామంటే, ఆమె దిగిన పొద్దుటి బస్సు తర్వాత వాగు పొంగి ఇంకో బస్సు రాలేదు. బిడ్డ ఆ తెల్ల పేజీనే చూస్తూ కూర్చుంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. రేపు ఒక్క రోజే మిగిలి ఉంది.

నేను మరిది వైపు చూశాను. వాడు కప్పు వైపు చూశాడు. 

"సిగ్నల్ లేక కాదు బిడ్డా. పైన ఉన్నదాన్ని మేమే తిప్పినం," అన్నాను.

కంప్యూటరమ్మ కుర్చీలోంచి లేవలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"ఎందుకండీ?"

"అది మా పోడు చూస్తదని."

"మూడు వారాలు పైవాళ్ల చేత తిట్లు తిన్నాను నేను. అది చేలు చూడదండి. దాని కింద కూర్చున్న నన్నే చూడదు."

"చూడదని కాగితం రాసిస్తవా?" అన్నాడు మా మరిది, గుమ్మంలోంచి.

"రాసిస్తాను. ముందు మీరు పైకెక్కండి," అంది ఆమె.

వాడు ముసురులో ఎక్కాడు. లోపల నుంచి ఆమె చెప్పేది, గుమ్మంలో నా బిడ్డ అందుకుని పైకి అరిచేది. కొంచెం కుడికి. పోయింది. మళ్లీ వెనక్కి. వచ్చింది, కదిలించకు. ఆ గొట్టం పట్టుకుని వాడు తడుస్తూ నిలబడ్డాడు. ముఖం మళ్లీ మా పోడు వైపే తిరిగింది. నేను లోపలికి వచ్చేశాను.

బిడ్డ నంబరు కొట్టింది, రహస్యపు మాట కొట్టింది. దాన్ని పాస్‌వర్డ్ అంటారు. ఒక పేజీ వచ్చింది, నిండా ఇంగ్లీషు, చీమల బారులాగా. అడుగున చిన్న గడి. ఆ గడి మీద నొక్కడానికి కంప్యూటరమ్మ చెయ్యి పెట్టింది. నేను మణికట్టు పట్టుకున్నాను.

"ఏమున్నది దాంట్ల?"

"ఏం లేదమ్మా. ఒప్పుకుంటున్నాను అని. ఇది అన్ని చోట్లా ఉంటుంది. ఎవరూ చదవరు, అందరూ నొక్కేస్తారు."

"వేలు కూడా అందరు గట్లనే వేసిర్రు," అన్నాను.

ఆమెకు మా మామ సంగతి తెలియదు. నా ముఖం చూసి ఏమనుకుందో, చెయ్యి వెనక్కి తీసుకుంది. అది మూడు పేజీలుందని, చాలా సేపు పడుతుందని, మధ్యలో కరెంటు పోతే కష్టమని చెప్పింది. చదవమన్నాను. విసుక్కోలేదు, అది ఒప్పుకోవాలి. ఒక్కో వాక్యం ఇంగ్లీషులో తను చదివి, తెలుగులో చెప్పింది. నేను తిరగ చెప్పాను. ఇచ్చిన వివరాలన్నీ నిజమని. సరే. తప్పని తేలితే సీటు తీసేస్తారని. సరే. ఒకసారి ఇచ్చిన సీటు మారదని. అది రెండుసార్లు చదివించాను. ఇరవయ్యో పాతికో అయ్యాయి. పైనుంచి మరిది ఇంకెంతసేపని అడిగాడు, కదలకుండా పట్టుకోమని బిడ్డ అరిచింది.

అప్పుడు ఒక వాక్యం వచ్చింది. నా పాస్‌వర్డ్ నేను ఎవరికీ చెప్పలేదు, చెప్పి ఉంటే దానివల్ల జరిగేదానికి బాధ్యత నాదే.

నేను తిరగ చెప్పబోయి ఆగాను. ఇది నా మాట కాదు, బిడ్డ మాట. దాన్నే చెప్పమన్నాను.

"నా పాస్‌వర్డ్ నేను..." అంది. అక్కడ ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ అక్కడే తట్టుకుంది.

 మా కట్టుబాటులో ఆ తట్టుకోవడానికి అర్థం ఏమిటో నాకు తెలుసు, నా బిడ్డకూ తెలుసు.

"ఎవరికి చెప్పినవ్?"

"కాలేజీ అన్నకు. భద్రాచలంల అడిగిండు. అందరం చెప్పినం అమ్మా. పదిమందిమి చెప్పినం."

కంప్యూటరమ్మ మిగతా పేజీ గబగబా చదివి వినిపించి, నేను తల ఊపాక ఆ గడి నొక్కి, ఆప్షన్ల పేజీ తెరిచింది. అప్పటికే నిండి ఉంది. మొదటిది ఒక ప్రైవేటు కాలేజీ, మేమెవరం ఎన్నడూ వినని పేరు. రెండోది దాని పక్కదే. మూడోదీ అంతే. సర్కారు కాలేజీ పేరు చివరన కూడా లేదు.

మీకు నిజం చెప్పాలి. ఆ క్షణంలో నాకు మొదట అనుమానం వచ్చింది కంప్యూటరమ్మ మీదే. తాళం ఆమె దగ్గర, పెట్టె ఆమె ముందు. నువ్వే పెట్టావా అని అడిగేశాను కూడా. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ గొంతు మారలేదు.

"మూడు వారాల నుంచి నాకు నెట్ ఎక్కడుందండి, నేను పెట్టడానికి?" అంది.

 ఆమె పెట్టలేదనడానికి నా దొంగపనే సాక్ష్యమైంది.

ఆ పేర్లన్నీ ఒక్కొక్కటే తీసేయించాం. సర్కారు కాలేజీ మొదట పెట్టాం. ఆ తర్వాత ఏం పెట్టాలో బిడ్డే చెప్పింది, ప్రతిదీ పైకి చదివింది, నేను విన్నాను. పాస్‌వర్డ్ మార్చమని కంప్యూటరమ్మ అంది, తను గోడ వైపు తిరిగి నిలబడింది. నన్నూ తిరగమంది. బిడ్డ ఏదో కొట్టింది. ఏం పెట్టావని ఇంటికి వెళ్తూ అడిగితే చెప్పలేదు. నాకు కొంచెం కష్టంగా అనిపించింది, అయినా మళ్లీ అడగలేదు.

మరునాడు వాగు తగ్గింది. గడువు ఆఖరి రోజు అది, పొద్దున్నే బండి చప్పుడు వినిపించింది. తెల్ల చొక్కా. అదే నవ్వు. ఈసారి కూర్చోమనలేదు, అయినా కూర్చున్నాడు. ఏదో చిన్న పొరపాటు పడ్డదక్కా, చెల్లె పాస్‌వర్డ్ పని చేస్తలేదు, కొత్తది చెప్తే సరి చేసి పోతా అన్నాడు. ముందు నా బుద్ధి మళ్లీ అటే పోయింది, కంప్యూటరమ్మ చెప్పి ఉంటుందా అని. తర్వాత వాడి మాట నేనే లోపల తిరగ చెప్పుకున్నాను. పని చేయడం లేదని వాడికి ఎట్లా తెలిసింది? తలుపు తోసి చూసినవాడికే కదా గొళ్లెం సంగతి తెలిసేది.

నేను నోరు విప్పేలోపు నా బిడ్డ లోపల నుంచి వచ్చింది. చేతులు తుడుచుకుంటూ వాడి ఎదురుగా నిలబడింది.

"మర్చిపోయిన అన్నా," అంది.

"గట్లెట్ల మర్చిపోతవ్ చెల్లె? జర యాది చేసుకో. ఈ పొద్దే ఆఖరు. నీ సీటు పోతది."

"నాకు యాదిలేదు. ఏమన్న అయితే నాదే బాధ్యతనట, రాసున్నది."

నా కడుపున పుట్టి, పెద్దవాళ్ల ముఖం మీద అది ఆడిన మొదటి అబద్ధం. తల వంచలేదు, మాట తట్టుకోలేదు. వాడు ఇంకాసేపు బతిమిలాడాడు, తర్వాత భయపెట్టాడు, తర్వాత నవ్వడం మానేశాడు. మా మరిది వచ్చి ఆ బండి పక్కన ఊరికే నిలబడ్డాడు. వాడు వెళ్లిపోయాడు. అట్నుంచి వేరే పిల్లల ఇళ్లకే వెళ్లి ఉంటాడు. వాడికి పాస్‌వర్డ్ చెప్పిన మిగతా తొమ్మిదిమందిలో మాకు జాడ తెలిసింది ఇద్దరే. ఆ ఇద్దరి ఇళ్లకూ మా మరిదిని పరిగెత్తించాను. ఒక పిల్లను సాయంత్రంలోపు తీసుకురాగలిగాడు, కంప్యూటరమ్మ గదిలో ఆ పిల్ల కూడా మార్చుకుంది. ఇంకొకరి ఇంట్లోవాళ్లు మమ్మల్నే అనుమానించి పంపలేదు. తప్పు పట్టలేను. నేనైనా పంపేదాన్ని కాదు.

లిస్టు వచ్చిన రోజు బిడ్డ తన పేరు తనే చూసుకుంది. సర్కారు పాలిటెక్నిక్, హాస్టలుతో. నాలుగు రోజులకు ట్రంకు పెట్టె బస్సు మీద వేసి పంపాను. ఆ తెల్ల చొక్కా ఎవరో, ఎవరి మనిషో మాకు ఇప్పటికీ తెలియదు, అలాంటివాళ్లకు పిల్లకింతని కాలేజీలు ఇస్తాయని మాత్రం తర్వాత విన్నాం. కంప్యూటరమ్మ మరో రెండేళ్లు ఉంది. ఆమెను పూర్తిగా నమ్మానా అంటే, ఏమో. నమ్మినరోజు ఉంది, నమ్మనిరోజూ ఉంది. ఆ పలకను మాత్రం మళ్లీ తిప్పలేదు.

ఇంతసేపు ఓపిగ్గా కూర్చున్నారు. మీ ఇల్లు పచ్చగా ఉండాలి. మీ చేలకు వాన వేళకు రావాలి, మీ గాదె కింది ఎలుక కూడా ఆకలి అనకూడదు. మీ ఆడపిల్లలు ఏ ఊరు కోరుకుంటే ఆ ఊరి బస్సే ఎక్కాలి. వాళ్లు వెళ్లి వచ్చేదాకా మీ ఇంట్లో దీపం కొండెక్కకుండా ఉండాలి.